ఐలన్ డోనన్ కోట: మెకంజీల పూర్వికుల కోటలో ఇప్పుడు మిగిలిన పాతది ఎంత?

పెన్నాతీరం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా ప్రాంతపు కైఫీయత్తులను (ఊళ్ల చరిత్రల రాతలను) కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. మా ఊరి గ్రంథాలయంలో వాటిని సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణ గురించి చిన్న ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాం. ఆయన పుట్టి పెరిగిన స్కాట్లండ్‌ను పిల్లలకు పరిచయం చేయడానికి ఒక మిత్రుడు ఐలన్ డోనన్ కోట ఫొటో తెచ్చి, కింద "మెకంజీ గారి వంశపు కోట, పదమూడో శతాబ్దానిది" అని రాద్దామన్నారు. ఆ మాట గోడ మీదికి ఎక్కించే ముందు తెలిసినవారిని అడగడం మంచిదనిపించింది.

నాకు సందేహం కలగడానికి కారణాలు ఉన్నాయి. 1719లో బ్రిటిష్ యుద్ధనౌకలు ఈ కోటను ఫిరంగులతో కొట్టి, ఆ తర్వాత మందుగుండు పెట్టి పేల్చేశాయని ఒకచోట చదివాను. ఫొటోలో మాత్రం గోడలు నిండుగా ఉన్నాయి, కప్పులు ఉన్నాయి, కోటకు చేరే రాతి వంతెన కూడా చక్కగా ఉంది. పేల్చేసిన కోట ఇలా ఎలా నిలబడింది? పైగా కొందరు దీన్ని మెకంజీల కోట అంటుంటే, మరికొందరు మెక్రేల కోట అంటున్నారు. అసలు కల్నల్ మెకంజీకి ఈ కోటతో సంబంధం ఉందా, లేక ఇంటిపేరు ఒకటే కావడం వల్ల మనమే కలిపేస్తున్నామా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సాగరతీరం (సమాధానం)

పెన్నాతీరం గారికి నమస్కారం. కల్నల్ గారి సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రదర్శనకు అదే ముఖ్యం. ఆయన ఏ కోటలోనూ పుట్టినవారు కాదు. స్కాట్లండ్‌కు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో, 1754 ప్రాంతంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. భారతదేశానికి రాకముందు అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. అయితే ఆ లూయిస్ దీవి 1610 నుంచి, ఐలన్ డోనన్ ఉన్న కింటేల్ ప్రాంతపు మెకంజీ ప్రభువుల అధీనంలో ఉండేది. ఆ ప్రభువులకు 1623లో సీఫోర్త్ ఎర్ల్ అనే బిరుదు వచ్చింది. సీఫోర్త్ అనేది లూయిస్ దీవిలోని ఒక సముద్రపు పాయ పేరు. కాలిన్ మెకంజీకి స్టోర్నోవేలో ఉద్యోగం దొరకడంలోనూ, 1783లో ఇంజనీరుగా మద్రాసుకు చేరడంలోనూ ఆ కుటుంబపు ఆదరణ ఆయనకు తోడ్పడింది. ఐలన్ డోనన్ ఆ సీఫోర్త్ ప్రభువుల పూర్వికుల కోట. కాబట్టి సంబంధం ఉన్నమాట నిజమే కానీ, అది రక్తసంబంధం కన్నా ఆశ్రయ సంబంధం. మన కైఫీయత్తుల్లో ఒక పాళెగారి సంస్థానంలో పుట్టి, ఆ సంస్థానాధిపతి సిఫారసుతో దూరదేశంలో కొలువుకు చేరినవాడి స్థితి ఎలా ఉంటుందో, ఇంచుమించు అలాగే అనుకోండి.

ఇక కోట చరిత్ర. స్కాట్లండ్ పశ్చిమ తీరంలో లోఖ్ డూయిఖ్, లోఖ్ లాంగ్, లోఖ్ ఆల్ష్ అనే మూడు సముద్రపు పాయలు కలిసే చోట, డోర్నీ అనే పల్లెకు ఎదురుగా ఉన్న చిన్న రాతి దీవి ఇది. ఆటు సమయంలో నీరు తగ్గి ఒడ్డుకు దాదాపు అంటుకుపోతుంది, పోటు సమయంలో చుట్టూ నీరే. 617లో హతుడైన డోనన్ అనే క్రైస్తవ సాధువు పేరు ఈ దీవికి నిలిచింది. పదమూడో శతాబ్దంలో స్కాట్లండ్ పశ్చిమ దీవులన్నీ నార్వే రాజు ఏలుబడిలో ఉండేవి; 1266లో పెర్త్ ఒప్పందంతో గానీ అవి స్కాట్లండ్‌కు దక్కలేదు. ఆ సరిహద్దు సముద్రాన్ని కాపు కాయడానికి ఆ శతాబ్దపు పూర్వార్ధంలో, రెండవ అలెగ్జాండర్ కాలంలో ఇక్కడ కోట కట్టారు.

మెకంజీలకు ఈ కోట ఎలా వచ్చిందనే విషయంలో జాగ్రత్త అవసరం. ఐర్లండ్ నుంచి వచ్చిన కాలిన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే వీరుడికి రాజు దీన్ని దానమిచ్చాడని, అతడే మెకంజీల మూలపురుషుడని ఆ వంశం వారు చాలాకాలం చెప్పుకున్నారు. దానికి ఆధారంగా చూపిన దానపత్రం నిలబడదని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. వంశవృక్షానికి గొప్ప మూలపురుషుణ్ణి తగిలించడం కైఫీయత్తులు చదివే మనకు కొత్త కాదు. దానపత్రం కల్పితమైనంత మాత్రాన కుటుంబపు అధికారం కల్పితం కాదు. మధ్యయుగం చివరినాటికి కింటేల్ ప్రాంతమూ ఈ కోటా మెకంజీల చేతిలో స్థిరపడ్డాయి.

మెక్రేల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కోట యజమానులు మెకంజీలు, కిల్లేదారులు (కోట కాపలా అధికారులు) మెక్రేలు. పదహారో శతాబ్దం ఆరంభం నుంచి కిల్లేదారీ ఆ వంశానికి ఇంచుమించు పారంపర్యమైంది. మెకంజీలకు మెక్రేలు ఇనుప కవచమని చెప్పుకునేవారు. 1539లో స్కై దీవి నుంచి మెక్‌డొనాల్డ్ నాయకుడు డొనాల్డ్ గోర్మ్ పడవల దండుతో వచ్చి కోటను ముట్టడించినప్పుడు, లోపల రక్షకులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉన్నారు. డంకన్ మెక్రే అనే యువకుడు తన దగ్గర మిగిలిన చివరి బాణాన్ని వదిలితే అది డొనాల్డ్ గోర్మ్ పాదానికి తగిలింది. ముల్లు ఉన్న బాణం కావడంతో, దాన్ని ఒక్కసారిగా పెరికేసరికి రక్తనాళం తెగి, రక్తం ఆగక అతడు చనిపోయాడు. దండు వెనుదిరిగింది. ఇది వంశ సంప్రదాయంలో వచ్చిన కథనమే అయినా, ముట్టడి జరగడం, దాని నాయకుడు అక్కడే మరణించడం చరిత్రే.

కోట ప్రభుత్వపు కఠిన శిక్షలనూ చూసింది. 1331లో, బాల రాజు తరఫున దేశాన్ని పాలిస్తున్న మోరే ఎర్ల్ థామస్ రాండల్ఫ్ పంపిన అధికారి ఇక్కడ యాభై మంది నేరస్థులను చంపించి, వారి తలలను కోటగోడల మీద వరుసగా పెట్టించాడు. ఎర్ల్ వచ్చి ఆ దృశ్యాన్ని చూసి సంతోషించాడని ఒక పాత వృత్తాంతం చెబుతుంది.

1719 విషయంలో మీరు చదివింది సరైనదే. పదవీచ్యుతమైన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి నిలబెట్టాలనే పక్షంలో అయిదవ సీఫోర్త్ ఎర్ల్ విలియం మెకంజీ 1715లోనే చేరి, ఆస్తి, బిరుదు పోగొట్టుకున్నాడు. 1719లో స్పెయిన్ సహాయంతో మళ్లీ తిరుగుబాటు లేచింది. స్పెయిన్ పంపిన పెద్ద నౌకాదళాన్ని తుపాను చెల్లాచెదురు చేయడంతో, స్కాట్లండ్ తీరానికి చేరింది సుమారు 300 మంది సైనికులే. వారిలో నలభై మందికి పైగా ఈ కోటలో మందుగుండు నిల్వలకు కాపలాగా ఉన్నారు. మే 10న వూస్టర్, ఎంటర్‌ప్రైజ్, ఫ్లాంబరో అనే మూడు యుద్ధనౌకలు వచ్చాయి. రాయబారానికి తెల్లజెండాతో పంపిన పడవ మీద కోటలోంచి కాల్పులు జరిగాయి. దాంతో నౌకలు ఫిరంగులు పేల్చి, ఆ సాయంత్రమే సైనికులను దించి కోటను పట్టుకున్నాయి. లోపల 343 పీపాల మందుగుండు దొరికింది. అందులోంచి 27 పీపాలు వాడి కోటను పేల్చేశారు. సరిగ్గా నెల తర్వాత, జూన్ 10న, సమీపంలోని గ్లెన్ షీల్ లోయలో తిరుగుబాటుదారులు ఓడిపోయారు. స్పెయిన్ సైనికులు నిలిచి పోరాడిన చోట ఒక శిఖరానికి ఇప్పటికీ వారి పేరే ఉంది.

ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు ఇది శిథిలమే. మీరు ఫొటోలో చూస్తున్నది 1911 తర్వాత కట్టింది. కాబట్టి "పదమూడో శతాబ్దానిది" అనే మాట తప్పు. నా మటుకు నేను దాన్ని కోట అనడం కన్నా, కోట ఉన్న చోట కట్టిన నమూనా అనడానికే ఇష్టపడతాను. కట్టడం వివరాలు రాతిగోడ గారు చెబితే బాగుంటుంది, వారు ఆ దేశంలోనే పాత కట్టడాల పని చేస్తున్నారు.

రాతిగోడ (సమాధానం)

సాగరతీరం గారు చరిత్ర చక్కగా చెప్పారు. నేను గ్లాస్గోలో పాత రాతి కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్నాను కనుక ఈ కోటను ఆ కంటితోనే చూస్తాను. ఫొటోలో అన్నింటికన్నా ముందు కంటికి కనిపించే మూడు కమానుల వంతెన పూర్తిగా ఇరవయ్యో శతాబ్దపు పునర్నిర్మాణంలో భాగం. పాతకాలంలో అక్కడికి పడవలో గానీ, ఆటు సమయంలో కాలినడకన గానీ వెళ్లేవారు. ఈ వంతెనను చూసి మధ్యయుగపు వంతెన అనుకునేవారు చాలామంది ఉన్నారు, ఎందుకంటే కోటతో ఒకే రంగు రాయి, ఒకే తీరు పనితనం.

1911లో జాన్ మెక్రే గిల్‌స్ట్రాప్ అనే సైనికాధికారి ఈ దీవిని కొన్నారు. ఎడిన్‌బరో వాస్తుశిల్పి జార్జ్ మాకీ వాట్సన్ నమూనాలు గీశారు, పని ఫర్కార్ మెక్రే అనే స్థానిక తాపీ మేస్త్రీ పర్యవేక్షణలో సాగింది. పాత కోట ఎలా ఉండేదో ఆ మేస్త్రీకి కలలో కనిపించిందని అక్కడ చెప్పుకుంటారు. మొదటి ప్రపంచయుద్ధం నడుమ వచ్చినా పని వదలలేదు, 1932లో పూర్తయింది. అప్పటి ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లని చెబుతారు. అంటే కిల్లేదారుల వంశం తన యజమానుల కోటను కొనుక్కుని మళ్లీ నిలబెట్టింది. మెకంజీల కోటా, మెక్రేల కోటా అనే మీ ప్రశ్నకు నేనైతే, 1719కి ముందు మెకంజీలది, 1911 తర్వాత మెక్రేలది అని చెబుతాను. 1983లో ఏర్పాటైన కాంక్రా ధర్మనిధి ఇప్పుడు దీన్ని నిర్వహిస్తోంది, అది కూడా మెక్రే కుటుంబానిదే.

పాత కోట రూపానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. లూయిస్ పెటిట్ అనే సైనిక ఇంజనీరు 1714 ప్రాంతంలో, అంటే పేల్చివేతకు కొద్ది ఏళ్ల ముందు, ఈ కోటను కొలిచి గీసిన చిత్రం దొరికింది. దురదృష్టవశాత్తూ అది పునర్నిర్మాణం దాదాపు ముగిశాక గానీ వెలుగులోకి రాలేదు. దానితో పోల్చితే ఇప్పటి కోట రూపం చాలా చోట్ల వేరుగా ఉంది. కిటికీల తీరు, కప్పుల అంచులు, లోపలి అమరిక అన్నీ 1910లు, 1920ల నాటి వారు మధ్యయుగాన్ని ఊహించుకున్న పద్ధతిలో ఉన్నాయి. లోపలి గోడలనే తీసుకోండి. రాళ్లను మొరటుగా, పూత లేకుండా వదిలేశారు, చూసేవారికి అది చాలా పాతదన్న భావన కలుగుతుంది. నిజానికి ఆ కాలపు ప్రభువులు నివసించే గదుల గోడలకు సున్నపు పూత ఉండేది, బయటి గోడలకు కూడా వాన లోపలికి దిగకుండా గరుకు సున్నం కొట్టేవారు. ఆ తీరంలో వాన ఎంత కురుస్తుందో చూసినవారికి పూత లేని రాతిగోడతో చలికాలం గడపడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద హాలు పైకప్పు దూలాలు కెనడా నుంచి ఓడలో తెచ్చిన డగ్లస్ ఫర్ కలప. ద్వారం మీద గేలిక్ భాషలో ఒక వాక్యం చెక్కి ఉంటుంది: లోపల మెక్రే ఉన్నంతకాలం ఫ్రేజర్ బయట నిలబడాల్సిన పని లేదని దాని తాత్పర్యం. రెండు వంశాల పాత స్నేహానికి అది గుర్తు.

మరి నిజంగా పాతది ఎక్కడుంది? ముఖ్య కట్టడాన్ని వదిలి, దీవి చుట్టూ నేల మీద చూడాలి. పదమూడో శతాబ్దపు ప్రాకారం ఇప్పటి కోట కన్నా ఎంతో పెద్దది. ఇంచుమించు దీవి పైభాగాన్నంతా చుట్టి వచ్చేది, మధ్య మధ్య బురుజులు ఉండేవి. దాని పునాదుల గుర్తులు గడ్డిలో అక్కడక్కడా తేలి ఉన్నాయి, ఉత్తరం వైపు ఒక పెద్ద బురుజు అడుగుభాగపు రాళ్లను గుర్తుపట్టవచ్చు. పద్నాలుగో శతాబ్దం చివర, పదిహేనో శతాబ్దంలో కోటను మొదటి విస్తీర్ణంలో సుమారు అయిదో వంతుకు కుదించారు. అంత పొడవైన గోడను కాపు కాయడానికి తగినంత మంది అందుబాటులో లేకపోవడమే కారణం కావచ్చునని పండితుల అభిప్రాయం. 1539 ముట్టడిలో రక్షకుల సంఖ్య ఎంత తక్కువో గుర్తు తెచ్చుకుంటే ఈ అభిప్రాయానికి బలం చేకూరుతుంది. పదహారో శతాబ్దంలో తుపాకులు, చిన్న ఫిరంగులు వచ్చాక తూర్పు వైపు కొమ్ములా పొడుచుకొచ్చే ఒక అదనపు రక్షణ కట్టడాన్ని చేర్చారు. దాని చివర పలు ముఖాలున్న ఒక బురుజు, అందులో లోతైన నీటి తొట్టి ఉన్నాయి. నా దృష్టిలో దీవి మొత్తం మీద నిదానంగా చూడవలసిన చోటు అదే. చుట్టూ ఉప్పునీరు ఉన్న రాతి మీద మంచినీటి ఏర్పాటు లేకపోతే ఏ కోటా ముట్టడికి నిలవదు, గండికోటలో జలాశయాన్ని చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

కోట కన్నా పాత సంగతి కూడా ఒకటుంది. తీవ్రమైన వేడికి కరిగి గాజులా మారిన రాతి ముక్క ఈ దీవిలో దొరికింది. స్కాట్లండ్‌లో ఇనుప యుగం నాటి, ఆ తర్వాతి కొన్ని దుర్గాల గోడల్లో ఇలాంటి కరిగిన రాయి కనిపిస్తుంది. కాబట్టి మధ్యయుగపు కోటకు శతాబ్దాల ముందే ఇక్కడ ఏదో ఒక దుర్గం ఉండి ఉండవచ్చు. ఇటీవలి దశాబ్దాల్లో జరిగిన తవ్వకాల్లో కోట పాత ఆవరణలో లోహపు పని జరిగిన జాడలు కూడా బయటపడ్డాయి. అంటే ఇది కేవలం కాపలా స్థావరం కాదు, పనివాళ్లు, కొలుములు ఉన్న ఊరంతటి ఆవరణ.

సాగరతీరం గారి చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. దీన్ని నమూనా అని తీసిపారేయడం న్యాయం కాదు. ఇక్కడ మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన మెక్రేల పేర్లతో స్మారకం ఉంది. దేశదేశాలకు వలస వెళ్లినవారి సంతతి తమ ఇల్లని చెప్పుకోవడానికి వచ్చే చోటిది. మధ్యయుగపు కట్టడంగా దీనికి ప్రామాణికత లేదు, కానీ ఒక వంశం ఇరవయ్యో శతాబ్దంలో తన జ్ఞాపకానికి కట్టుకున్న కట్టడంగా పూర్తి ప్రామాణికత ఉంది. ఫొటో కింద "మెకంజీ ప్రభువుల పూర్వపు కోట స్థలం, 1719లో ధ్వంసమైంది, ఇప్పటి కట్టడం 1911–1932 మధ్య మెక్రే కుటుంబం నిర్మించినది" అని రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

పెన్నాతీరం

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాతిగోడ గారు సూచించిన వాక్యాన్నే పెడతాం. ఇంకొక్క సందేహం. సీఫోర్త్ ప్రభువులు అంత పెద్ద భూస్వాములు కదా, రెండు వందల ఏళ్లపాటు తమ పూర్వికుల కోటను ఎందుకు తిరిగి కట్టుకోలేదు?

సాగరతీరం

రాతిగోడ గారి అభ్యంతరం సబబైనదే కానీ, నా భయం వేరు. ఫొటోల్లో ఈ నిండైన రూపమే కళ్లకు అలవాటైపోతే, గడ్డిలో ఉన్న పునాదుల వైపు చూసేవారు తగ్గిపోతారు. ఆ సంగతి అలా ఉంచి, మీ ప్రశ్నకు వస్తాను.

మొదటి కారణం, కోట పేల్చేసిన నాటికి దాని యజమానికి దేశంలో చోటు లేదు. ఎర్ల్ విలియం ప్రవాసంలో ఉన్నాడు, భూములను ప్రభుత్వం జప్తు చేసుకుంది. అయినా కింటేల్ రైతులు ప్రభుత్వ ప్రతినిధులకు శిస్తు కట్టలేదు. డొనాల్డ్ మర్చిసన్ అనే ఆయన మనిషి ఆ శిస్తును వసూలు చేసి ప్రవాసంలో ఉన్న ప్రభువుకు పంపేవాడు. 1721లో శిస్తు వసూలుకు వచ్చిన ప్రభుత్వ బృందాన్ని కొండదారిలో ఆయుధాలతో అడ్డగించి వెనక్కి పంపాడు కూడా. కూలిన కోట కన్నా ఈ విధేయతే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. 1726లో ఎర్ల్‌కు క్షమాభిక్ష లభించి స్వదేశానికి రాగలిగాడు. కానీ అప్పటికి కాలం మారింది. సొంత కోట, సొంత సైన్యం పెట్టుకునే రోజులు పోయాయి. 1725లోనే జనరల్ వేడ్ ఆ ప్రాంతపు ప్రజల నుంచి ఆయుధాలు అప్పగింపజేసుకున్నాడు.

రెండవ కారణం, కుటుంబం నివాసం ఎప్పుడో మారిపోయింది. పదిహేడో శతాబ్దం ఆరంభంలోనే వారు తూర్పున, సారవంతమైన పొలాల మధ్య, డింగ్‌వాల్ సమీపంలో బ్రాహన్ కోట కట్టుకుని అక్కడ ఉండసాగారు. ఐలన్ డోనన్ వారికి పూర్వికుల ఠాణాగానే మిగిలింది.

మూడవది అప్పులు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ కుటుంబపు చూపు మన దేశం వైపు తిరిగింది. 1778లో సైనిక పటాలాన్ని కూడగట్టిన కెనెత్ మెకంజీ, దానితో భారతదేశానికి వస్తూ 1781లో దారిలోనే ఓడ మీద మరణించాడు. ఆయన నుంచి ఎస్టేట్ కొన్న బంధువు థామస్ హంబర్‌స్టన్ మెకంజీ, 1783లో పశ్చిమ తీరంలో మరాఠా నౌకలతో జరిగిన పోరులో గాయపడి చనిపోయాడు. తర్వాత వచ్చిన ఫ్రాన్సిస్ మెకంజీ, సీఫోర్త్ ప్రభువు, 1793లో మరో పటాలాన్ని లేపాడు. 1803లో అసాయె యుద్ధంలో పోరాడింది ఆ పటాలమే. ఆయన అప్పుల్లో కూరుకుపోయి భూములు అమ్మవలసి వచ్చింది, నలుగురు కొడుకులూ ఆయన కళ్లముందే పోయారు. 1815లో ఆయన మరణించాక వారసత్వం కూతురు మేరీకి వచ్చింది. ఆమె మొదటి భర్త అడ్మిరల్ సామ్యూల్ హుడ్ ఈస్టిండీస్ నౌకాదళానికి అధిపతిగా ఉండి, 1814 డిసెంబరులో మద్రాసులోనే మరణించారు. కాలిన్ మెకంజీ పుట్టిన లూయిస్ దీవి కూడా 1844లో జేమ్స్ మాథెసన్ అనే వ్యాపారికి అమ్ముడైంది. ఇన్ని నష్టాల మధ్య సముద్రంలో ఉన్న శిథిలాన్ని తిరిగి కట్టే స్తోమత వారికి ఎక్కడిది?

బ్రాహన్ కోటను కూడా 1950లలో పడగొట్టారు. ఈ వంశపు కట్టడాలు అలా పోయినా దస్తావేజులు మాత్రం భద్రంగా ఉన్నాయి. సీఫోర్త్ కుటుంబపు పత్రాలను ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ ప్రాచీన పత్ర భాండాగారంలో చూడవచ్చు. కల్నల్ గారికీ ఆ ప్రభువులకూ మధ్య సంబంధం గురించి ఇంకా లోతుగా తెలుసుకోదలచినవారు మొదట వెళ్లవలసిన చోటు అదే.